ఖుత్బా చదవడమా, చెప్పడమా?

గుంతకల్లులో జుమా నమాజు ముగించుకొని వచ్చేవారిని అడగండి. ‘ఇమామ్ సాహెబ్ ఖుత్బా చదివారు’ అంటారు. అంతకుముందు సాగిన ఉర్దూ ప్రసంగం గురించి అయితే ‘బయాన్ చేశారు’ అంటారు. ఈ రెండు క్రియల నడుమ ఎడం చిన్నది కాదు.

ఎదుటివారిని ఉద్దేశించి మాట్లాడటం అన్నది అరబీలో ‘ఖుత్బా’ ధాతువుకు మూలార్థం. చెప్పే ఖతీబ్, ఎవరికి చెబుతున్నారో ఆ ముఖాతబ్, ఇద్దరూ ఆ ధాతువు నుంచి పుట్టినవారే. ఉర్దూలోని ‘ఖుత్బా పఢ్‌నా’ తెలుగులోకి ‘చదవడం’గా దిగేసరికి ముఖాతబ్ కనుమరుగయ్యాడు. చదవడానికి పుస్తకం చాలు, చెప్పడానికి వినేవాడు కావాలి. హిజ్రీ 10 (క్రీ.శ. 632)లో అరఫాత్ మైదానంలో దైవప్రవక్త (స) ప్రసంగిస్తుండగా, దూరాన ఉన్నవారికి వినిపించేలా రబీఆ బిన్ ఉమయ్యా ఆ మాటలను బిగ్గరగా తిరిగి పలికారని సీరత్ గ్రంథాలు చెబుతున్నాయి. హాజరైనవారు హాజరు కానివారికి అందజేయాలన్నది ఆనాటి ఆదేశం.

ఖుత్బా అరబీలోనే ఉండాలన్నది మన ప్రాంతపు హనఫీ ఉలమాలలో అత్యధికుల అభిప్రాయం. కేరళలో ముజాహిద్ మస్జిదులు మలయాళంలో ఖుత్బా ఇస్తాయి, సున్నీ మస్జిదులు అరబీలో ఇస్తాయి. ఆ చర్చను ఉలమాలకే వదిలేద్దాం. నా మాట బయాన్ వరకే. విడమరచి చెప్పడమన్నది ఆ పదానికే ఉన్న అర్థం. ఇంట్లో తెలుగే మాట్లాడే దూదేకుల కుటుంబాలకు, తెలుగు మీడియంలో చదివిన మన పిల్లలకు పారసీ సమాసాల ఉర్దూ ఏమి విడమరుస్తుంది? ఇంట్లో దక్కనీ మాట్లాడేవారికి సైతం అందులో సగం అందదు. 2022లో ఉర్దూ రాష్ట్రానికి రెండవ అధికార భాష అయింది. అది మన హక్కు, దాన్ని కాపాడుకోవలసిందే. అర్థమయ్యే భాషలో ధర్మాన్ని వినడం కూడా హక్కే.

తెలుగులో పేరేమిటన్నది మరో చిక్కు. ‘ప్రవచనం’ అంటే మన పత్రికల్లో హదీసు, టీవీలో పురాణ కాలక్షేపం. ‘ప్రసంగం’ చర్చిలోనూ వినిపిస్తుంది, రాజకీయ సభలోనూ వినిపిస్తుంది. ‘ఉపన్యాసం’లో కళాశాల వాసన ఉంది. నన్నడిగితే ‘బయాన్’నే ఉంచుకుని ‘చెప్పడం’ చేర్చుకోవాలి. నమాజు, రోజా తెలుగు పదాలైనట్లే ఇదీ అవుతుంది. తెలుగు దీనికి చాలదనేవారికి ఒక మాట: అనంతపురం కళాశాలలో తెలుగు బోధించిన చిలుకూరి నారాయణరావు ఖుర్‌ఆన్‌ను తెలుగు చేసి దాదాపు వందేళ్లు కావస్తోంది. ఆయన ముస్లిం కూడా కాదు!

కనీసం బయాన్‌లో చివరి పది నిమిషాలు తెలుగులో చెప్పించాలి, మైకు వినేందుకు స్త్రీలకు చోటు చూపాలి. వచ్చే రంజాన్‌కు ముందే మన మస్జిద్ కమిటీలు ఈ సంగతిని చర్చకు పెట్టాలి.