"సార్‌ని ఫోన్ చెయ్యమనండి"

మొన్న ఆదివారం రాత్రి గాలివానకి కరెంటు పోయి వచ్చింది. పొద్దున్నే చూస్తే కంప్యూటర్ ఆన్ కాలేదు. లైటు లేదు, ఫ్యాను చప్పుడు లేదు, ఉలుకూ పలుకూ లేదు. మా అమ్మాయి ప్రాజెక్టు రిపోర్టంతా అందులోనే ఉంది. బుధవారం ఇవ్వాలి.

"నువ్వు ముట్టుకోకు, ఇంకేదైనా అయితే మళ్ళీ ఖర్చు" అని చెప్పి మావారు ఆఫీసుకి వెళ్ళిపోయారు. మధ్యాహ్నం షాపు నుంచి కుర్రాడొచ్చాడు. బటన్ రెండుసార్లు నొక్కాడు. "మదర్‌బోర్డు పోయినట్టుంది మేడమ్, ఏడెనిమిది వేలవుతుంది. సార్‌ని ఫోన్ చెయ్యమనండి" అన్నాడు. మూత కూడా విప్పలేదు. ఎదురుగా నిలబడ్డ నేను అతనికి సార్‌కి కబురు మోసే మనిషిని, అంతే.

అప్పుడొచ్చింది నాకు కోపం. ఇంట్లో సిలిండర్ మార్చేది నేను. గ్యాసు వాసనొస్తే రెగ్యులేటర్ కట్టేసేది నేను. ఇన్వర్టర్ బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పోసేది నేను. మిక్సీ ఆగిపోతే అడుగున బటన్ నొక్కి మళ్ళీ నడిపించేది నేను. ఇవేవీ ఎవరికీ ప్రమాదంగా కనబడవు, ఆడవాళ్ళ పనులు కదా! కంప్యూటర్ వైరు తీసి పెట్టడం మాత్రం ప్రమాదం!

నేను చదివింది బీఏ తెలుగు. పెద్ద పదం అర్థం కాకపోతే విడదీసి చూడమనేవారు మా మాస్టారు. అదే చేశాను. టేబుల్ ల్యాంప్ తెచ్చి గోడ ప్లగ్గులో పెట్టాను, వెలిగింది. యూపీఎస్ వెనక పెట్టాను, వెలగలేదు. యూపీఎస్‌ని పక్కన పెట్టేసి సీపీయూ వైరు నేరుగా గోడకే పెట్టి బటన్ నొక్కాను. బుర్రుమని ఫ్యాను తిరిగింది! యూపీఎస్ కొని నాలుగేళ్ళు దాటింది, లోపలి బ్యాటరీ పోయింది. బ్యాటరీ చచ్చిపోతే కొన్ని యూపీఎస్‌లు గోడలో కరెంటున్నా ముందుకి పంపవు.

అప్పటికీ రాకపోతే? వెనక ఉన్న చిన్న స్విచ్చు ఆఫ్‌లో ఉందేమో చూడొచ్చు. మానిటర్ వైరు సరిపోతే అది తీసి సీపీయూకి పెట్టి చూడొచ్చు. ప్లగ్గు తీసేసి, పవర్ బటన్ అర నిమిషం నొక్కిపట్టి, మళ్ళీ పెట్టి చూడొచ్చు. వీటికి స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు.

"కరెంటుతో ఆటలా?" అంటారు. ఆటలు కావు, అందుకే హద్దు తెలియాలి. ఎస్ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పకూడదు. ప్లగ్గు తీసేశాక కూడా లోపలి కెపాసిటర్లలో 300 వోల్టులకి పైగా నిలవుండొచ్చు. కాలిన వాసనొస్తే ప్లగ్గు తీసి మెకానిక్‌ని పిలవాల్సిందే. హద్దు చెప్పడం రక్షణ. ఏదీ చెప్పకుండా "ముట్టుకోకు" అనడం చేతులు కట్టెయ్యడం.

మనల్ని మనం కూడా ఒక మాట అనుకోవాలి. "నాకివన్నీ తెలియవండీ" అని నవ్వుతూ ఎన్నిసార్లు తప్పుకోలేదు? ఆ నవ్వు ఖరీదు మా ఇంట్లో ఆ రోజు ఏడెనిమిది వేలయ్యేది.

యూపీఎస్‌కి కొత్త బ్యాటరీ వేయించాం. షాపుకి ఫోన్ చేసింది సార్ కాదు, నేనే. ఆ సాయంత్రం మా అమ్మాయి చేతికి టేబుల్ ల్యాంప్ ఇచ్చి, గోడ నుంచి మొదలుపెట్టి మొత్తం దానితోనే చూపించమన్నాను. రిపోర్టు బుధవారం ఇవ్వొచ్చు. ముందు ఇది నేర్చుకోవాలి.