ఖోకా ఎక్కడ ఆగింది?

ఎన్‌సీసీ ఫైరింగ్‌లో పాయింట్ 22 రైఫిల్ ఆగిపోతే మనవాళ్ల మొదటి మాట, "మ్యాగజైన్ పాడైంది". కోడ్ రన్ కాకపోతే కంపైలర్‌ని తిట్టినట్టే! ముందు ఖోకా, అంటే పేలిన తూటా ఖాళీ తొడుగు, ఎక్కడుందో చూడాలంటాను. ఛాంబర్‌లోనే ఇరుక్కుంటే ఎక్స్‌ట్రాక్టర్ దాన్ని లాగలేకపోయింది. చాలాసార్లు కారణం మసి, బుల్లెట్ మీది మైనం. ఛాంబర్ వదిలి కూడా బయట పడకపోతే ఎజెక్టర్, లేదా బోల్ట్‌ని పూర్తిగా వెనక్కి లాగని మన చెయ్యి (నాదీ అంతే). కొత్త రౌండ్ ఎక్కకపోతేనే మ్యాగజైన్ సంగతి. అక్కడా స్ప్రింగే దోషి కానక్కర్లేదు. రిమ్‌ఫైర్ తూటాకి అడుగున అంచు ఉంటుంది. నింపేటప్పుడు పైదాని అంచు కిందిదాని అంచుకి వెనక పడితే అది ముందుకి కదలదు.

అలాగని మనం వేలు పెట్టకూడదు. బ్యారెల్ టార్గెట్ వైపే ఉంచి చెయ్యెత్తాలి. కానీ "జామ్, ఉస్తాద్" అనే బదులు "ఖోకా ఛాంబర్‌లో ఉంది, ఉస్తాద్" అంటే, మ్యాగజైన్లు మార్చి చూసే పని ఆయనకి తప్పుతుంది.