లాకు తలుపులూ, సంతానమూ

గొడ్రాలు అనే మాట మన ఇళ్ళలో ఎంత తేలికగా నోటికి వస్తుందో అందరికీ తెలిసినదే. మగవాడికి అన్వయించడానికి అంత చలామణీలో ఉన్న మాట మరొకటి లేదు. తెలుగు పాఠాలు చెప్పుకొనే నాబోటివాడికి ఈ లోటు విడ్డూరంగానే తోస్తుంది. మాట లేనంత మాత్రాన లోపం లేదని కాదు గదా! సంతానం కలగని దంపతులలో సుమారు సగం మంది విషయంలో మగవాడి వైపు కూడా ఏదో కారణం ఉంటున్నదని వైద్యులు చెబుతున్నారు. అయినా బందరు కానీయండి, గుడివాడ కానీయండి, మోపిదేవి సుబ్బారాయుడికి మొక్కుకోవడానికి ఆలుమగలిద్దరూ కలిసి దివిసీమకు వెళతారు. డాక్టరమ్మ దగ్గరకు మాత్రం తరచు కోడలిని ఒక్కదాన్నే తీసుకువెళతారు.

మగవాడి శరీరంలో జరిగే పని అంత చులకనైనదేమీ కాదు. ఒక శుక్రకణం తయారు కావడానికి సుమారు 74 రోజులు పడుతుంది. వృషణాలలో సన్నని గొట్టాలు చుట్టలు చుట్టలుగా ఉంటాయి. గొట్టపు గోడ నానుకొని ఉండే మూలకణం విభజన చెందుతూ, 46 క్రోమోజోములలో సగం, అనగా 23 మాత్రమే మిగుల్చుకొని, గొట్టం నడిమికి చేరేసరికి తోక మొలిచిన శుక్రకణం అవుతుంది. ఈ ప్రయాణమంతా దాది ఒడిలోనే సాగుతుంది. ఆ దాదికణాలను 1865లో ఇటలీ దేశస్థుడు ఎన్రికో సెర్టోలీ వర్ణించాడు. అప్పటికి ఆయనకు పాతికేళ్ళైనా నిండలేదు. నేటికీ అవి ఆయన పేరుతోనే చలామణీ అవుతున్నాయి.

దాదికి తిండి పెట్టడమొక్కటే పని కాదు, కాపలా కూడా ఉన్నది. మన రక్తంలోని రక్షక కణాలు తనవారెవరో పైవారెవరో చిన్ననాడే గుర్తుపెట్టుకుంటాయి. శుక్రకణాలు యుక్తవయస్సు వచ్చాక గానీ పుట్టవు. కనుక వాటిని చూస్తే శత్రువులనుకొని పైబడే ప్రమాదమున్నది. అందుచేత ఇరుగుపొరుగు దాదికణాలు ఒకదానినొకటి గట్టిగా పట్టుకొని మధ్యలో ఒక కట్ట కడతాయి. ఈ అతుకులకు సంధులని పేరు. వ్యాకరణంలో సంధి జరిగితే రెండు మాటల నడుమ సందు ఉండదు. ఇక్కడా అంతే.

మరి ఎదిగే కణం ఆ కట్ట దాటి లోపలికి పోయేదెలా? బందరు కాలువ మీద పడవలు నడిచిన రోజులు ఎరిగిన పెద్దలు ఈ చిక్కు ఇట్టే విప్పగలరు. పడవ లాకులో ప్రవేశించగానే వెనుక తలుపులు మూసేవారు. ఆ తరువాతనే ముందు తలుపులు తెరిచేవారు. రెండూ ఒక్కసారి తెరిచే మాట లేదు. దాదికణాలు చేసేదీ అదే. ఎదిగే కణం వెనుక కొత్త సంధి బిగుస్తుంది, ఆపైన ముందున్న పాత సంధి విడిపోతుంది.

ఈ తలుపులను నడిపేవి దాదికణం లోపలి ప్రోటీను పోగులు. వాటన్నిటినీ కలిపి కణపంజరం అంటారు. ఇది ఎముకల గూడు వంటిది కాదు, పెళ్ళిపందిరి వంటిది. అవసరమైనప్పుడు వేస్తారు, పని తీరగానే విప్పి ఆ రాటలే మరొకచోట పాతుతారు. ఆక్టిన్ అనే సన్నని పోగులు సంధులకు పట్టునిస్తాయి. సూక్ష్మనాళికలు రైలు పట్టాల మాదిరి పనిచేస్తాయి. వాటి వెంబడే దాదికణం పిల్లకణాన్ని అటూ ఇటూ జరిపి, తయారైన నాడు పట్టు సడలించి వదిలిపెడుతుంది. శుక్రకణం తోకలోనూ ఆ నాళికలే నడుమ రెండు, చుట్టూ తొమ్మిది జతలుగా అమరి ఉంటాయి. ఆ తోక ఆడడానికి కావలసిన ఇంధనం ఏటీపీ. భీమవరంలో 1895లో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో ఫిస్కేతో కలిసి 1929లో వెల్లడించిన పదార్థమే అది.

ఇంత పొందికైన పనిలో ఎక్కడ పట్టు తప్పినా పిల్లకణాలు పక్వం కాకముందే రాలిపోవచ్చు. పొగాకు పొగలో ఉండే కాడ్మియం ఈ సంధులను తెంచగలదని ఎలుకల మీద ప్రయోగాలలో తేలింది. తీవ్రమైన జ్వరమూ, యుక్తవయస్సు తరువాత వృషణాలకు సోకే గవదబిళ్ళలూ హాని చేయవచ్చు. కొందరిలో లోపం పుట్టుకతోనే వస్తుంది. మగవారికే ఉండే వై క్రోమోజోములో కొన్ని ముక్కలు లోపించిన వారిని గురించి హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రజ్ఞులు పరిశోధనలు చేశారు. ఇవేవీ పైకి కనపడేవి కావు. మీసకట్టుకూ, కండబలానికీ, వీటికీ సంబంధం లేదు.

ఆడవారికి చేసే పరీక్షలతో పోలిస్తే మగవాడికి చేసే మొదటి పరీక్ష ఎంతో సులువు. కోత లేదు, సూది లేదు. ఒక్కసారి ఫలితం బాగా లేనంత మాత్రాన బెంబేలు పడనక్కరలేదు. రెండు నెలల కిందటి జ్వరం ఫలితం నేటి పరీక్షలో కనపడవచ్చు. కొంత వ్యవధి ఇచ్చి మళ్ళీ చూస్తారు. కొన్ని లోపాలకు చికిత్స కూడా ఉన్నది.

కనుక కొడుకుల తల్లులకు నాదొక మనవి. కోడలిని ఒక్కమాట అనబోయే ముందు అబ్బాయిని కూడా పరీక్షకు పంపండి. మొక్కుకు ఇద్దరూ కలిసి వెళ్ళినప్పుడు డాక్టరు దగ్గరకు మాత్రం ఒక్కరే ఎందుకు?