టైరు గాట్లకు రక్షణ సరే, కొనేవాడి మాటేమిటి?

కొత్త టైరు కొనే రైతు ముందుగా చూసేది దాని మీది గాట్లనే. లారీ డ్రైవరైనా, ఆటో నడిపేవాడైనా అంతే. అక్షరం రాకపోయినా గాట్ల తీరు చూసి ఇది ఫలానా కంపెనీ టైరు అని చెప్పగలవారు ఊరూరా ఉన్నారు. ఆ గాట్ల రూపానికి కూడా చట్టంలో హక్కు ఉందన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు.

1911 నాటి పాత చట్టం స్థానంలో వచ్చిన డిజైన్ల చట్టం, 2000 ఈ హక్కును ఇస్తోంది. ఇది 2001 మే నెల నుంచి అమలులో ఉంది. కొత్త రూపం బజారుకెక్కక ముందే కంపెనీ దరఖాస్తు పెట్టి రిజిస్టరు చేయించుకోవాలి. అప్పుడు 10 ఏళ్ళు, పొడిగించుకుంటే మరో 5 ఏళ్ళు ఆ రూపం దానిదే. ఆ తరువాత ఎవరైనా వాడుకోవచ్చు.

అయితే ఈ హక్కు కంటికి కనిపించే రూపానికే గాని, టైరు చేసే పనికి కాదు. ట్రాక్టరు వెనుక టైర్ల మీద ఎత్తయిన ఏటవాలు పట్టీలు ఏ కంపెనీ టైరుకైనా ఉంటాయి. బురదలో పట్టు దొరకాలన్నా, మధ్యలో చేరిన మట్టి రాలిపోవాలన్నా అవి అలా ఉండక తప్పదు. ఆ సూత్రాన్ని డిజైను పేరిట ఎవరూ సొంతం చేసుకోలేరు. ఇది న్యాయమైన హద్దు. ఇదే లేకుంటే దుక్కి టైరు ఒక్క కంపెనీ గుప్పిట చిక్కి, ఆ భారం రైతు నెత్తిన పడేది.

రెండు టైర్ల రూపం ఒకటేనా కాదా అన్నది ఎవరి కళ్ళతో చూడాలి? అమెరికాలో గుడ్‌ఇయర్, హెర్క్యులెస్ కంపెనీల మధ్య లారీ టైరు గాట్లపై నడిచిన వ్యాజ్యంలో 1998లో అప్పీలు కోర్టు దీనికి జవాబు చెప్పింది. లారీ టైరు కొనేది డ్రైవరు, లారీల యజమాని గనుక వారి కళ్ళతోనే చూడాలన్నది. అలా చూసి రెండు రూపాలూ వేరని తేల్చింది. గుడ్‌ఇయర్ ఓడిపోయింది.

కొనేవాడి కన్నే కొలబద్ద కావడం సబబే. కాని ఆ కన్ను మోసపోతే డిజైన్ల చట్టం కింద అతనికి దక్కేది శూన్యం. దావా వేసే హక్కు కంపెనీది, వచ్చే సొమ్మూ కంపెనీదే. ఆ సొమ్ము కూడా ఒక్కో ఉల్లంఘనకు 25 వేల రూపాయలు, ఒక డిజైనుకు మొత్తం 50 వేలకు మించరాదని 2000లో రాశారు. అంతకు మించి కావాలంటే కంపెనీ నష్టపరిహారం దావాకు వెళ్ళాలి. ఒక లారీకి టైర్లన్నీ మార్చే ఖర్చుకైనా చాలని ఈ మొత్తానికి కాపీదారు జంకుతాడా? దీన్ని పెంచడం అవసరం. కాపీ అని తేలిన టైరు కొన్నవారికి డబ్బు వాపసు ఇప్పించే ఏర్పాటూ చట్టంలో చేర్చాలి.

అందాకా కొనేవారి జాగ్రత్తే వారికి రక్ష. గాట్లు రబ్బరు నాణ్యతకు హామీ కావు. అరిగిన టైరుకు పైన రబ్బరు వేయిస్తే కొత్త గాట్లు వస్తాయి గాని, లోపలి టైరు పాతదే. కనుక పక్క గోడ మీద కంపెనీ పేరు చూడాలి. లారీ, కారు, మోటారు సైకిలు టైర్లపై ఐ.ఎస్.ఐ. ముద్ర ఉందో లేదో చూడాలి. తయారీ తేదీని తెలిపే నాలుగు అంకెలనూ చదవాలి. 2324 అని ఉంటే 2024వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. బిల్లు లేకుండా టైరు ఇంటికి తేకూడదు. మోసం జరిగితే రైతులు, సొంత బండి నడుపుకుని బతికేవారు జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. అక్కడ మొదట అడిగేది ఆ బిల్లునే.