కొత్త ట్రాక్టరుకు కారుడు - రైతుకు తిరుగుడు

(మా గ్రామీణ విలేఖరి)

పొలాల్లోంచి ఎడ్లు పోయాయి, ట్రాక్టర్లు వచ్చాయి. గోదావరి డెల్టాలో ఇప్పుడు కాడి కట్టి దమ్ము చేసే రైతులను వేళ్ల మీద లెక్క పెట్టవచ్చు. ఎద్దుకు జబ్బు చేస్తే పశువుల డాక్టరు ఊళ్లోకి వచ్చేవాడు. లక్షలు పోసి కొన్న ట్రాక్టరుకు జబ్బు చేస్తే మాత్రం రైతే దానిని పట్నానికి తోలుకుపోవాలి. షెడ్డు ముందు పడిగాపులు కాయాలి. ‘రేపు రండి’ అనిపించుకుని తిరిగి రావాలి. అందులోనూ ఆయిల్ కారడం అనే జబ్బు మరీ మొండిది. బండి ఆగిపోదు, నడుస్తూనే ఉంటుంది. అందుకే అమ్మినవారు దానిని జబ్బుగానే లెక్కచేయరు.

ట్రాక్టర్లపై జి.ఎస్.టి.ని 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. ధర తగ్గినందుకు రైతులు సంతోషించారు. కొనేటప్పుడు షోరూములో కుర్చీ వేసి, కూల్ డ్రింకు ఇచ్చి, ట్రాక్టరుకు పూలదండ వేసి, నిమ్మకాయలు తొక్కించి సాగనంపుతున్నారు. ఆ మర్యాద మొదటి ఆయిల్ చుక్క నేల మీద పడే వరకే. వారంటీ ఉండగానే ఒకే చోట మళ్లీ మళ్లీ ఆయిల్ కారుతున్న బండ్లతో రైతులు కాళ్లరిగేలా తిరుగుతుంటే పట్టించుకునే నాథుడు కనిపించడం లేదు.

ఒక చిన్న రైతు గోడు

మా మండలంలోని ఒక చిన్న రైతు సంగతే తీసుకుందాం. సొంత భూమి రెండెకరాలు. మరో అయిదెకరాలు కౌలు. బ్యాంకు అప్పుతో ట్రాక్టరు కొని తానే తోలుతూ, తన చేను అయ్యాక చుట్టుపక్కల వారి చేలు దున్నిపెట్టి వాయిదాలు కడుతున్నాడు. యాభై గంటలకు చేయించవలసిన మొదటి సర్వీసు చేయించిన కొద్ది రోజులకే ఇంజనుకు, గేరు బాక్సుకు మధ్య క్లచ్ ఉండే గూడు కింద నల్లటి చుక్కలు పడడం చూశాడు. డీలరు వద్దకు వెళితే “కొత్త బండికి మొదట్లో కాస్త చెమ్మ కనబడుతుందండి, అదే సర్దుకుంటుంది” అన్నారు. సర్దుకోలేదు. పళ్లెం పెడితే తెల్లారేసరికి అడుగంతా నల్లబడేది.

సార్వా దమ్ములు జోరుగా సాగుతున్నప్పుడు షెడ్డులో పెట్టుకుని, ట్రాక్టరును రెండు ముక్కలుగా విడదీసి ఆయిల్ సీలు మార్చారు. నాలుగు రోజులు పోయాయి. ఆ నాలుగు రోజులూ అతని చేను అద్దె బండి దున్నింది. అతను దున్నవలసిన చేలు వేరొకరు దున్నారు. బండి వచ్చాక అరవై గంటలు నడిచిందో లేదో, మళ్లీ అవే చుక్కలు. రెండో సీలు వేశారు. తరువాత మూడో సీలు. ఈలోగా క్లచ్ జారడం మొదలైంది. చూస్తే క్లచ్ ప్లేటు ఆయిల్లో నాని ఉంది. “సీలు వారంటీలో వేస్తామండి, క్లచ్ ప్లేటు మాత్రం అరిగిపోయే సామాను, దానికి వారంటీ లేదు” అంటూ బిల్లు చేతిలో పెట్టారు. “ప్లేటు మీద పడ్డ ఆయిలు ఎక్కడిదండీ, నేను పోశానా?” అని అడిగితే జవాబు చెప్పిన వారు లేరు.

ఇది ఒక్కరి కథ కాదు. బండి రంగు మారవచ్చు, కారే చోటు మారవచ్చు. ఒకరికి వెనుక ఇరుసు వద్ద, మరొకరికి హైడ్రాలిక్ లిఫ్టు వద్ద, ఇంకొకరికి ముందు చక్రం హబ్బు వద్ద. వినిపించే మాటలు మాత్రం అవే.

సీలు మారిస్తే రోగం కుదురుతుందా?

ఆయిల్ సీలు అంటే తిరిగే షాఫ్టు చుట్టూ అంటిపెట్టుకుని ఉండే రబ్బరు కట్టు. దాని పెదవి వెనుక సన్నని స్ప్రింగు ఉండి, పెదవిని షాఫ్టుకు అదిమి పడుతుంది. ఆయిల్ బయటికి రాకుండా, దుమ్ము, బురద లోపలికి పోకుండా కాపలా కాయడం దాని పని. ఖరీదు చూస్తే చిన్నదే. కాని అది ఉండే చోటికి చేరాలంటే ట్రాక్టరును మధ్యకు విప్పాలి. అందువల్ల సీలు కంటె కూలి ఎక్కువ, కూలి కంటె పోగొట్టుకున్న పని రోజులు ఎక్కువ.

కొత్త సీలు వేసిన కొద్ది రోజులకే మళ్లీ కారిందంటే లోపం సీలులో లేదని అనుమానించాలి. షాఫ్టు మీద గాడి పడి ఉండవచ్చు. బేరింగు వదులై షాఫ్టు కొట్టుకుంటూ ఉండవచ్చు. సీలును వంకరగా దిగగొట్టి ఉండవచ్చు. ఇంజను లోపలి ఆవిరి బయటికి పోయే బ్రీదర్ గొట్టం పూడుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, బలహీనంగా ఉన్న చోటు నుంచి ఆయిల్‌ను తోసేస్తుంది. అప్పుడు ఎన్ని సీళ్లు మార్చినా బూడిదలో పోసిన పన్నీరే. అనుభవం ఉన్న మెకానిక్కులకు ఇవన్నీ తెలుసు. కాని పాత సీలు తీసి కొత్తది వేస్తే కంపెనీ నుంచి ఆ పనికి లెక్క వస్తుంది, కారణం వెతికినందుకు లెక్క రాదు అని వారే చాటుగా చెబుతున్నారు.

కారే చోటును కనిపెట్టడం కూడా బ్రహ్మవిద్య ఏమీ కాదు. ఆ భాగాన్ని శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, పౌడరు చల్లి కొంతసేపు నడిపితే తడి ఎక్కడ మొదలైందో కనబడుతుంది. క్లచ్ గూడు అడుగున ఉండే రంధ్రం నుంచి నల్లటి ఆయిల్ వస్తే ఇంజను వైపు, నల్లబడని చిక్కటి ఆయిల్ వస్తే గేరు బాక్సు వైపు చూడాలి. ఇంత చిన్న పరీక్ష కూడా చేయకుండానే బండిని విప్పుతున్న షెడ్లు ఉన్నాయి.

వారంటీ కాగితంలో మెలికలు

ట్రాక్టరు వారంటీకి రెండు గడువులు ఉంటాయి. ఇన్ని సంవత్సరాలు లేదా ఇన్ని గంటలు, ఏది ముందు వస్తే అది. బండి షెడ్డులో పడి ఉన్న రోజులు కూడా ఆ సంవత్సరాల్లోనే కలిసిపోతాయి. అంటే వారు ఆలస్యం చేసిన కొద్దీ వారి పూచీ కరిగిపోతుంది. ఇదెక్కడి న్యాయం?

రెండో మెలిక అరుగుదల సామాను. రబ్బరు సామాను, ఫిల్టర్లు, క్లచ్ ప్లేట్ల వంటివాటిని చాలా వారంటీలు పక్కన పెడుతున్నాయి. వాడకం వల్ల అరిగితే రైతే భరించాలి, కాదనడం లేదు. కాని కంపెనీ బిగించిన చోట లోపం ఉండి, ఆ లోపం వల్ల ప్లేటు పాడైతే అది అరుగుదల ఎలా అవుతుంది? ఇల్లు కారి ధాన్యం తడిస్తే తప్పు ధాన్యానిదా?

మూడోది అన్నిటికంటె ప్రమాదకరమైనది. ఆయిల్ కారి మట్టం పడిపోయాక బండి నడిపితే బేరింగులు పట్టేసి ఇంజనే పోతుంది. అప్పుడు “ఆయిల్ చూసుకోకుండా నడిపారు, అది మీ నిర్లక్ష్యం” అంటారు. కారుతోందని ముందే చెప్పామని రైతు అంటే “ఎప్పుడు చెప్పారు, కాగితం ఏదీ?” అంటారు. చాలా మంది వద్ద ఆ కాగితం ఉండదు. పైన చెప్పిన రైతు మూడు సార్లు వెళితే ఒక్కసారే జాబ్ కార్డు రాశారు. మిగిలిన రెండు సార్లూ ‘మనవాళ్లే కదా’ అని నోటి మాటతో సరిపెట్టారు. నోటి మాట నీటి మూట అని పెద్దలు ఊరకే అనలేదు.

రైతులూ చూసుకోవాలి

తప్పంతా ఒక వైపే ఉందనడం ధర్మం కాదు. సర్వీసు గంటలు దాటిపోయినా ‘ఈ నాలుగెకరాలూ కానిద్దాం’ అని వాయిదా వేసేవారు ఉన్నారు. చవగ్గా వస్తోందని ఏదో ఒక ఆయిల్ పోసేవారు, మంచిదే కదా అని గుర్తు దాటి పోసేవారు కూడా ఉన్నారు. ఆయిల్ ఎక్కువైనా ఇంజనుకు చేటే. దమ్ములో ఇరుసు మునిగేదాకా బండిని దింపి, పని అయ్యాక కడగకుండా వదిలేస్తే బురద సీలును కొరికేస్తుంది. వరి దుబ్బులు, ప్లాస్టిక్ దారాలు ఇరుసుకు చుట్టుకుంటే ఏ సాయంత్రానికి ఆ సాయంత్రం తీసివేయాలి. మన లోపం లేకుండా ఉంటేనే ఎదుటివారిని గట్టిగా నిలదీయగలం.

చట్టం రైతు పక్షాన ఉంది

1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం స్థానంలో 2019లో చేసిన కొత్త చట్టం 2020 జులై 20న అమలులోకి వచ్చింది. లోపం ఉన్న వస్తువును బాగు చేయించమని, మార్చి ఇమ్మని, లేదా డబ్బు తిరిగి ఇప్పించి నష్టపరిహారం కూడా కట్టమని ఆదేశించే అధికారం జిల్లా కమిషన్‌కు ఉంది. వెనుకటి వలె కంపెనీ ఆఫీసు ఉన్న ఊరు వెతుక్కుంటూ పోనక్కరలేదు. రైతు కాపురం ఉన్న జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. వస్తువుకు చెల్లించిన ధర 50 లక్షల రూపాయల వరకు ఉంటే జిల్లా కమిషనే విచారిస్తుంది. అయిదు లక్షల వరకు ఫీజు లేదు. అయిదు నుంచి పది లక్షల వరకు 200 రూపాయలు. వకీలును పెట్టుకుని తీరాలన్న నిబంధన లేదు. ఫిర్యాదుకు కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్ల లోపల వేయాలి. ఈ రెండేళ్ల మాట రైతులు గుర్తుంచుకోవాలి. ‘చూద్దాం, చేద్దాం’ అంటూ తిప్పుతుంటే ఆ గడువు కూడా దాటిపోతుంది.

‘ట్రాక్టరుతో అద్దె పని చేస్తున్నావు, అది వ్యాపారం, నువ్వు వినియోగదారుడివి కావు’ అని కంపెనీ తరఫు వారు వాదించవచ్చు. స్వయం ఉపాధితో పొట్ట పోసుకోవడానికి తానే వాడుకునేందుకు కొన్న వస్తువును వ్యాపారం కింద లెక్కించరాదని చట్టంలోనే రాసి ఉంది. తానే తోలుకుంటూ బతికే చిన్న రైతుకు ఇది పెద్ద అండ.

అక్కడిదాకా పోలేనివారు ముందుగా 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. అది జాతీయ వినియోగదారుల హెల్ప్ లైను, తెలుగులోనూ మాట్లాడతారు. కాని అక్కడ జరిగేది రాజీ ప్రయత్నమే, తీర్పు కాదు.

చట్టం మంచిదే, నడకే నెమ్మది. పరీక్ష అవసరం లేని కేసు మూడు నెలల్లో, పరీక్ష అవసరమైతే అయిదు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని అందులో ఉంది. ఆచరణలో వాయిదాల మీద వాయిదాలు పడడం అందరూ చూస్తున్నదే. పైగా లోపం ఉందని నిరూపించేది ఎవరు? కొత్త మోడల్ అమ్మకానికి వచ్చే ముందు మధ్యప్రదేశ్‌లోని బుద్నీ కేంద్ర సంస్థ వంటి చోట్ల పరీక్షిస్తారు. రైతు కళ్లంలో కారుతున్న బండిని వచ్చి చూసేవారు లేరు. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. బాపట్లలో వ్యవసాయ ఇంజనీరింగు కళాశాల ఉంది. అక్కడి నిపుణుల చేత బండిని చూపించి నివేదిక తెప్పించే ఏర్పాటు ప్రతి జిల్లాలో ఉంటే కంపెనీ మాటే వేదవాక్కు కాకుండా పోతుంది.

చేయవలసినవి

ప్రభుత్వం, జిల్లా అధికారులు తలచుకుంటే ఇవి కష్టమైన పనులు కావు. బండి షెడ్డు గుమ్మం దాటి లోపలికి వెళ్లిన ప్రతిసారీ తేదీ, గంటల మీటరు అంకె, రైతు చెప్పిన లోపం తెలుగులో రాసి జాబ్ కార్డు నకలు ఇవ్వడం తప్పనిసరి చేయాలి. ఒకే చోట మూడోసారి కారితే సీలు మార్చి పంపడం మాని, కంపెనీ ఇంజనీరు వచ్చి కారణం రాసి ఇవ్వాలి. షెడ్డులో ఉన్న రోజులను వారంటీకి కలపాలి. కారడం వల్ల చెడిన మరో సామాను కూడా వారంటీ కిందనే మార్చాలి. దమ్ములు, కోతల రోజుల్లో రెండు రోజులు దాటి బండిని ఉంచుకుంటే బదులు బండి ఇవ్వాలి. సబ్సిడీ పథకాలకు కంపెనీలను ఎంపిక చేసేటప్పుడే ఈ షరతులు పెడితే అవి దారికి వస్తాయి.

బయటి మెకానిక్కు చేయి వేస్తే వారంటీ పోతుందని బెదిరించడం కూడా తగ్గాలి. వస్తువులను బాగుచేయించుకునే హక్కుపై కేంద్రం 2022లో కమిటీ వేసినప్పుడు మొదట చేపట్టిన రంగాల్లో వ్యవసాయ పరికరాలు కూడా ఉన్నాయి. ఆ హక్కు కంప్యూటరు తెరపై ఉంటే చాలదు, పల్లెకు రావాలి. కంపెనీలు విడి భాగాలను, మరమ్మతు వివరాలను పల్లె మెకానిక్కులకు కూడా అందించాలి.

రైతులు కూడా ఒంటరిగా తిరగడం మానాలి. ఒకే డీలరు వద్ద ఒకే రకం బండి కొని ఇబ్బంది పడుతున్నవారు నలుగురు కలిసి రాతపూర్వకంగా, స్పీడ్ పోస్టులో ఫిర్యాదు పంపాలి. కారుతున్న చోటును తేదీతో ఫోనులో ఫోటో తీసి ఉంచాలి. పోసిన ప్రతి లీటరు ఆయిల్‌కు బిల్లు దాచాలి.

డిసెంబరు 24న జాతీయ వినియోగదారుల దినోత్సవం అంటూ ఏటా సభలు పెడుతున్నారు, ఉపన్యాసాలు ఇస్తున్నారు. ఈసారి ఆ సభను పట్నంలోని హాలులో కాక ఒక మార్కెట్ యార్డులో పెట్టి, డీలర్లను, కంపెనీ ప్రతినిధులను ఒక వైపు, కారుతున్న బండ్లతో రైతులను మరొక వైపు కూర్చోబెడితే సగం తగాదాలు అక్కడే తేలతాయి. బ్యాంకు వాయిదా ఒక్క రోజు ఆగడం లేదు. కాలవ నీళ్లు ఎవరి కోసమూ ఆగవు. వారంటీ మాట ఒక్కటే ‘రేపు రండి’ అంటే రైతు ఎలా బతకాలి? కలెక్టరు, వ్యవసాయ శాఖ అధికారులు దాళ్వా దమ్ములు మొదలు కాక ముందే ఈ విషయమై దృష్టి సారించాలని రైతులు కోరుతున్నారు.