చినగంజాం ఉప్పు, నాలుగోవాడి పత్తి



సంక్రాంతి సెలవుల్లో తొండుపల్లి హాస్టల్ నుంచి మేము నలుగురం సైకిళ్ల మీద బయల్దేరినం. ముగ్గురం చినగంజాం చేరినం. ఫొటోలు పెట్టిన రోజు ఇక్కడే ఒక అన్న అడిగిండు: "నోటిఫికేషన్లకు చదవాల్సిన టైంలో ఈ తిరుగుడు ఏంది తమ్మీ?" అన్న అడిగింది తప్పు కాదు. మా ఇండ్లల్ల కూడా అదే అడిగిండ్రు. అందుకే జవాబు కొంచెం పొడుగ్గా రాస్తున్నం.

మేం పోయిన దారి ఇది: తుక్కుగూడ, ఇబ్రహీంపట్నం, మాల్, కొండమల్లేపల్లి, నాగార్జునసాగర్. అవతల మాచర్ల, నరసరావుపేట, చిలకలూరిపేట, బాపట్ల. వీలైన చోట రోడ్డు వదిలి తండాల మధ్య మట్టి బాటలు, సాగర్ కుడి కాలువ గట్టు పట్టుకున్నం. సూర్యలంకలో సముద్రం చూసి, 216వ జాతీయ రహదారి మీద చీరాల, పక్కకు దిగి వాడరేవు, చివరికి చినగంజాం ఉప్పు మడులు. ఆరు రోజులు. గేర్లు లేని సైకిళ్లు, క్యారియర్‌కు కట్టిన దుప్పట్లు.

చినగంజామే ఎందుకంటే, ఉప్పు కోసం. మాలో ఇద్దరం లంబాడీలం. మన ముందటితరాలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని తీరం నుంచి దక్కన్ లోపలికి నడిచిండ్రు. లంబాడీ అన్న పేరే లవణం నుంచి వచ్చిందనేవాళ్లు ఉన్నరు. రైళ్లు వచ్చినంక ఆ బతుకు పోయింది. ఆ ఉప్పు పుట్టే చోటు ఒక్కసారి చూడాలనిపించింది.

మనలో చాలామందికి ఒకటే దారి తెలుసు: ఊరు, హాస్టల్, ఉద్యోగం. పక్కకు చూస్తే ఇంటి అప్పు గుర్తొస్తది. మలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటిదాకా గుట్ట ఎక్కుడంటే మనకు కట్టెల కోసమే. సైకిల్ కూడా అంతే. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల సోలార్ కప్పు ట్రాక్ తెరిచిండ్రు. అక్కడ తొక్కితే ఫిట్‌నెస్ అంటరు. తొండుపల్లి సర్వీసు రోడ్డు మీద లారీల పక్కన డ్యూటీకి తొక్కుకుంట పోతే పాపం అంటరు. రెండిట్లో తొక్కే కాళ్లు ఒక్కటే కదా.

అయితే అన్న మాటలో నిజం కూడా ఉంది. అది మాకు కొండమల్లేపల్లి దగ్గర తెలిసింది. మా నాలుగోవాడి తండా అక్కడికి దగ్గరే. రాత్రి వాళ్లింట్లనే పడుకున్నం. పొద్దున లేచేసరికి వాడు చేన్ల ఉన్నడు. ఆఖరి విడత పత్తి ఏరాలె, కూలీలు దొరకలే, అమ్మకు నడుం నొప్పి. "మీరు పోండ్రి, నాకు ఇంత ఉప్పు తెండ్రి" అన్నడు. మా అందరికంటే బాగా తొక్కేటోడు వాడే.

టూర్ పూర్తి చేయడానికి కాళ్లల్ల బలం ఒక్కటే సరిపోదు. మనం లేకున్నా ఇల్లు ఆరు రోజులు నడవాలె. మనలో చాలామందికి లేనిది అదే. మనోళ్లు ఎందుకు ఆటల్ల, టూర్లల్ల కనపడరని ఎవరైనా అడిగితే ఇదే జవాబు.

చినగంజాంలో యానాది తమ్ముళ్లు కలిసిండ్రు. "మీరూ ఎస్టీలేనా?" అని నవ్విండ్రు. పీతల కూరతో అన్నం పెట్టిండ్రు. సముద్రం ఒడ్డున కూడా మనోళ్లు ఉన్నరని పుస్తకంలో చదివినం, వాళ్ల కంచంలో తిన్నంకనే నమ్మినం.

అందుకే మా మాట ఇది. తిరుగుడు మానొద్దు. కానీ ఒక్కడిని చేన్ల వదిలి పోయేది కూడా వద్దు. వచ్చేసారి ముందు రెండు రోజులు అందరం వాడి చేన్ల పత్తి ఏరుతం, ఆ తర్వాతనే సైకిళ్లు తీస్తం. వచ్చేటోళ్లు కింద పేరు రాయండి. చెల్లెళ్లు కూడా రాయండి, ఇంట్లో అడగడానికి మేమొస్తం.

ఉప్పు పొట్లం వాళ్లమ్మ చేతికే ఇచ్చినం. ఆ రాత్రి పప్పుల అదే వేసింది.