ముగ్గుకు లేని లెక్క ఆటకెందుకు?

మా అమ్మకు డెబ్బై రెండేళ్లు. ఊళ్లో ఉన్నన్నాళ్లూ ధనుర్మాసం వచ్చిందంటే తెల్లవారుజామున నాలుగింటికే వాకిట్లో ఉండేది. ఇప్పుడు హైదరాబాద్‌లో నాలుగో అంతస్తు ఫ్లాట్‌లో మాతో ఉంటోంది. ఇక్కడ వాకిలంటే లిఫ్టు ముందు నాలుగు టైల్సు, వాటి మీద మా ఆవిడ అంటించిన స్టిక్కర్ ముగ్గు. దాని జోలికి అమ్మ పోదు. రాత్రి భోజనాలయ్యాక మాత్రం దిండుకు ఆనుకుని కూర్చుని, నా పాత ఫోన్‌లో ఇన్ఫినిటీ లూప్ అనే ఆట తెరుస్తుంది. తెర మీద వంపులు, గీతలు, మూలలు చెల్లాచెదురుగా పడి ఉంటాయి. తాకితే ఒక్కో ముక్క పావు చుట్టు తిరుగుతుంది. ఏ కొసా గాలిలో వేలాడకుండా అన్నీ కలిస్తే పటం పూర్తయినట్టే. గడియారం తరమదు, ఓడిపోవడమూ ఉండదు. మొదటిసారి చూపించినప్పుడే అమ్మకు విషయం అర్థమైపోయింది. "ఇది మెలికల ముగ్గేరా. కొసలు కలిస్తే ముగ్గు, కలవకపోతే గీతలు" అంది.

మొన్న మా మేనమామ కొడుకు వచ్చాడు. అమ్మ చేతిలో ఫోన్ చూసి, "ఈ వయసులో గేములేంటి అత్తయ్యా, కాసేపు భాగవతం చదువుకోక!" అన్నాడు. పక్కనున్న వాడి కూతురు వెంటనే అడ్డుపడింది. "అలా అనకు నాన్నా. పజిల్స్ ఆడితే బుర్రకు పదును. మతిమరుపు కూడా రాదట." అమ్మ ఇద్దరినీ చూసి, ఏమీ అనకుండా మరో ముక్క తిప్పుకుంది.

మన ఇళ్లలో ఈ ఆటల గురించి వినబడేవి ఈ రెండు మాటలే. ఒకరికి దండగ, ఇంకొకరికి టానిక్కు. ఎడమొహం పెడమొహంగా కనిపించే ఈ రెండూ నిజానికి ఒక తల్లి బిడ్డలే. "దీనివల్ల ఏం లాభం?" అన్నదే ఇద్దరి ప్రశ్న. ఒకాయన లేదన్నాడు, ఆ పిల్ల ఉందంది. ఆ ప్రశ్నే తప్పని నా వాదన. ఇద్దరిలోనూ నాకు ఆ పిల్ల మాటతోనే పేచీ ఎక్కువ. తిట్టేవాడు తిట్టి ఊరుకుంటాడు. ఈ పొగడ్త అలా కాదు, దాని వెనక పెద్ద బేరమే నడుస్తోంది.

ముందు ఆ పదును సంగతి చూద్దాం. 2010లో 'నేచర్' పత్రికలో ఏడ్రియన్ ఓవెన్ బృందం ఒక పరిశోధన ప్రచురించింది. 11,430 మంది ఆరు వారాల పాటు మెదడుకు కసరత్తు పేరిట తయారుచేసిన ఆటలు ఆడారు. ఏ ఆట ఆడితే ఆ ఆటలో ఆరితేరారు. అంతవరకు నిజమే. ఆ నేర్పు మరో పనికి పాకిందా అంటే, దగ్గరి చుట్టరికం ఉన్న పనులకు కూడా పాకలేదు. సుడోకు నింపేవాడికి సుడోకు బాగా వస్తుంది. దాంతో కరెంటు బిల్లు కట్టడం గుర్తుంటుందన్న హామీ ఏమీ లేదు.

ఈ మాట తెలిసీ అమ్మకాలు ఆగలేదు. అమెరికాలో లూమోసిటీ అనే మెదడు కసరత్తుల యాప్ ఒకటి ఉంది. చదువులో, ఉద్యోగంలో రాణిస్తారని, వయసుతో వచ్చే మతిమరుపును వాయిదా వేయవచ్చని ప్రకటనలు గుప్పించింది. ఆధారాలు లేకుండా జనాన్ని మోసపుచ్చారని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అభియోగం మోపింది. 2016 జనవరిలో ఆ సంస్థ 20 లక్షల డాలర్లు చెల్లించి రాజీ చేసుకుంది. అరచేతిలో వైకుంఠం చూపించినందుకు కట్టిన మూల్యం అది. ముసలితనపు భయం అంత లాభసాటి సరుకు మరి.

నేనూ ఆ భయానికి లొంగినవాణ్నే. రెండేళ్ల క్రితం అమ్మ ఫోన్‌లో ఇలాంటిదే ఒక యాప్ ఎక్కించాను. పేరెందుకు లెండి. అది రోజూ పరీక్ష పెట్టేది, పరీక్షయ్యాక మార్కులు వేసేది. మూడో రోజు మార్కులు తగ్గాయని ఎర్ర బాణం చూపించింది. ఆ రాత్రి అమ్మ నన్ను పిలిచి, "నాకు మతి పోతోందిరా?" అని అడిగింది. అంతకు ముందు ఆమెకు ఆ దిగులు లేదు. దిగులు తీరుస్తానన్న యాప్ దిగులు అంటించి పోయింది.

టెట్రిస్ మాటేమిటని కొందరు అడుగుతారు. ఆక్స్‌ఫర్డ్‌లో ఎమిలీ హోమ్స్, ఆమె సహచరులు 2009లో చేసిన ప్రయోగం ఒకటుంది. భయంకర దృశ్యాలున్న సినిమా చూపించాక కొందరి చేత టెట్రిస్ ఆడించారు. ఆ తర్వాతి రోజుల్లో ఆ దృశ్యాలు కళ్ల ముందు మెదలడం వాళ్లకు తక్కువైంది. మంచి ఫలితమే. అయితే దాన్ని పదును ఖాతాలో వేయకూడదు. ఆ పరిశోధకులు చెప్పే కారణం వేరు. లోపలి కన్ను ఆకారాలను తిప్పడంలో, పేర్చడంలో మునిగి ఉంటే భయం గొలిపే బొమ్మ అక్కడ గట్టిగా తిష్ఠ వేయలేదు. చేతికి పని దొరికినప్పుడు మనసు సర్దుకుంటుందని ముగ్గు వేసిన వాళ్లకూ, పూలు గుచ్చిన వాళ్లకూ తెలిసిన సంగతే ఇది.

ఆ టెట్రిస్ పుట్టుక కూడా లాభం లెక్కలో ఇమడదు. 1984లో మాస్కోలో, సోవియట్ సైన్స్ అకాడమీ కంప్యూటర్ కేంద్రంలో అలెక్సీ పజిత్నోవ్ దాన్ని తయారుచేశాడు. అయిదేసి చదరాల ముక్కలను డబ్బాలో పేర్చే పెంటామినో అనే బల్ల మీది ఆటంటే ఆయనకు ఇష్టం. అయిదు చదరాలను నాలుగు చేశాడు, ఏడు ఆకారాలు తేలాయి. ఆయన ముందున్న ఎలెక్ట్రానికా 60 యంత్రానికి బొమ్మలు గీయడం రాదు కాబట్టి కీబోర్డు మీది గుర్తులతోనే ముక్కలు చూపించాడు. అది ఆయనకు ఎవరూ అప్పగించిన పని కాదు, సరదా. ఆ సరదాయే లోకమంతా పాకింది.

ఇప్పుడు వాకిట్లోకి వద్దాం. సంక్రాంతికి పత్రికల్లో వచ్చే ముగ్గుల కింద ఒక చిన్న లెక్క ఉంటుంది: "15 చుక్కలు, సందు చుక్క 8 వచ్చేవరకు". మధ్య వరుసలో 15, దానికి పైనా కిందా 14, ఆపైన 13, అలా తగ్గుతూ 8 వరకు. మొత్తం 169 చుక్కలు. ఈ లెక్కను కాగితం మీద వేయని ఆడవాళ్లు కూడా చీకట్లో వేళ్ల సందున జారే పిండితో తప్పు లేకుండా దించుతారు. మన పొరుగున తమిళుల కోలాల్లోని ఈ క్రమాన్ని చూసే మద్రాస్ క్రిస్టియన్ కాలేజీకి చెందిన గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, కమలా కృతివాసన్‌తో కలిసి 1974లో కంప్యూటర్ భాషా సిద్ధాంతానికి సంబంధించిన పత్రం రాశారు. అంటే ముగ్గులో గణితం ఉంది, గట్టిగానే ఉంది. కానీ ముగ్గు వేసే ఇల్లాలిని ఆపి, "ఇందువల్ల నీ ఐక్యూ ఎంత పెరిగిందమ్మా?" అని అడిగినవాడు నాకింతవరకు తారసపడలేదు. అడిగితే చీపురు తిరగేస్తుంది. వాకిటికి అక్కర్లేని సంజాయిషీ ఫోన్‌లో ఆడే అదే అమ్మ ఎందుకు చెప్పుకోవాలి?

అలాగని ఫోన్‌లో ఉన్న ప్రతి రంగుల పెట్టెనూ నెత్తిన పెట్టుకోమనడం లేదు. లాభం లెక్కతో చూడటం వల్ల జరిగే అసలు నష్టమే అది: మంచీ చెడూ ఒకే గాటన కట్టేస్తాం. 2012లో వచ్చిన క్యాండీ క్రష్ సాగాలోనూ రంగులు, ఆకారాలు, వరుసలే. అయితే అందులో అయిదు ప్రాణాలిస్తారు. అవి అయిపోతే ఒక్కో ప్రాణానికి అరగంట కాచుకోవాలి, లేదా డబ్బు పెట్టాలి. ఇంకో రెండు ఎత్తులుంటే గెలిచేవాళ్లమే అనిపించిన చోట ఆ ఎత్తులను అమ్మకానికి పెడతారు. ఆ ఆట తీసిన కింగ్ సంస్థను 2016లో యాక్టివిజన్ బ్లిజార్డ్ 590 కోట్ల డాలర్లకు కొన్నది. అంత ధర పలికింది మిఠాయి బొమ్మలకు కాదు, మన తొందరకు. ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025లో పార్లమెంటు డబ్బు పందేల ఆన్‌లైన్ ఆటలపై చట్టమే చేసింది. పందెం కాయకుండా, పదీ ఇరవై చొప్పున ప్రాణాలు కొనిపించే ఆటను ఆ నిషేధం పట్టుకోదు. అక్కడ ఎవరి కాపలా వాళ్లదే.

'సృజన' అన్న ముద్రనూ నమ్మడానికి లేదు. అంకె చూసి రంగు నింపే యాప్‌లు కుప్పలుతెప్పలుగా ఉన్నాయి. ఏడు అని ఉన్నచోట ఏడో రంగు నొక్కడమే పని. నెమలి పూర్తవుతుంది, నిజమే, అందులో నా నిర్ణయం ఒక్కటీ ఉండదు. ముగ్గుల పుస్తకం కూడా చూసి వేసేదే కదా అంటారేమో. చూసి వేసిన పిల్లే నాలుగో ఏడు ఒక మెలిక తనకు నచ్చినట్టు తిప్పుతుంది. పుస్తకం అడ్డుపడదు. ఆ యాప్‌లో ఏడో గదిలో ఎనిమిదో రంగు పడనే పడదు.

దీనికి పక్కన టౌన్‌స్కేపర్‌ను పెట్టి చూడండి. ఆస్కర్ స్టోల్‌బర్గ్ అనే స్వీడన్ రూపకర్త చేసిన ఆట ఇది, పూర్తి రూపంలో 2021లో వచ్చింది. ఖాళీ సముద్రం కనిపిస్తుంది. రంగు ఎంచుకుని నీటి మీద నొక్కితే చిన్న చప్పుడుతో ఒక దిమ్మె లేస్తుంది. దాని మీద ఇంకోసారి నొక్కితే ఇల్లు అవుతుంది. నాలుగు వైపులా ఇళ్లు కట్టి మధ్యలో చోటు వదిలితే అక్కడ పచ్చటి తోట దానంతటదే మొలుస్తుంది. కింది గది తీసేస్తే పైది కూలిపోకుండా కమాను మీద నిలుస్తుంది. ఎక్కడ ఏం రావాలో ఆట తన నియమాల ప్రకారం తేల్చుకుంటుంది, ఊరు ఎటు పెరగాలో మనం తేల్చుకుంటాం. చుక్కలకూ చేతికీ మధ్య ఒప్పందం లాంటిదే ఇది. లక్ష్యం లేదు, స్కోరు లేదు. "మరి ఆట ఎక్కడ?" అని మా వాడు అడిగాడు. వాడే నలభై నిమిషాల తర్వాత తన ఊరికి మెట్లు సరిగ్గా రాలేదని మళ్లీ కడుతూ కనిపించాడు.

ఫోన్ ముగ్గుకు సాటి వస్తుందని నేననను. కల్లాపి చల్లిన నేల వాసన తెరకు రాదు. నడుం వంగదు, ఎదురింటావిడ ఆగి "ఎన్ని చుక్కలు వదినా?" అని అడగదు. రాత్రి పొద్దుపోయాక కళ్లలోకి వెలుతురు కొట్టుకోవడం ఆరోగ్యమూ కాదు. ఈ లోట్లు లోట్లే, వాటిని బుర్ర పదును పేరుతో కప్పిపుచ్చడం నాకిష్టం లేదు. వాకిలి పోయిన మనిషి, కొసలు కలిపే సుఖాన్ని మరో చోట వెతుక్కుంటే అది తప్పు కాదని మాత్రమే నేనంటున్నది.

కాబట్టి ఆటను లాభంతో కొలవడం మానండి. కొలవాలనే ఉంటే మూసేటప్పుడు కొలవండి. మూసేస్తానంటే ఆట ఏం చేస్తోంది? రేపు రాకపోతే బహుమతి పోతుందని బెదిరిస్తోందా, ప్రాణాలు కొనమంటోందా, మార్కులు తగ్గాయంటోందా? అయితే దాని మీద ఎంత ప్రశాంతమైన పేరున్నా తీసి పారేయండి. నోరెత్తకుండా మూసుకుంటోందా? ఉండనివ్వండి, ఆడేవాళ్లను సంజాయిషీ అడక్కండి. అమ్మ నిన్న రాత్రి ఒక పటం సగంలో వదిలేసి, ఫోన్ దిండు కింద పెట్టి, దీపం ఆర్పేసి పడుకుంది. ఆ ఆట ఆమెను ఒక్క మాటా అనలేదు.